గంటా యాభై నిమిషాలు

"ఎంతసేపు పడుతుందండి?"

ఫోన్ ఎత్తగానే అవతలి మనిషి అడిగిన మొదటి మాట అదే. పేషెంట్లను విమానంలో ఒక ఊరి ఆసుపత్రి నుంచి ఇంకో ఊరి ఆసుపత్రికి చేర్చే ఆ కంపెనీకి ఎవరు ఫోన్ చేసినా ముందు అదే అడుగుతారు. జబ్బేమిటో తరవాత చెబుతారు. తామెవరో ఆ తరవాత ఎప్పటికో చెబుతారు. డెస్కు దగ్గర కూర్చున్నావిడ ఫోన్ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఊళ్లు అడిగి, రెండు విమానాశ్రయాల పేర్లు కంప్యూటర్లో కొట్టింది. తెర మీద గీత ఒకటి ఆ ఊరి నుంచి ఈ ఊరికి వంపు తిరిగింది.

"ఏడు వందల నలభై రెండు కిలోమీటర్లండి. గంటా యాభై నిమిషాలు."

నాలుగేళ్లుగా ఆమె చేస్తున్న పని ఇదే. దూరం చెప్పడం, టైము చెప్పడం. అందుకే ఆఫీసులో ఆమెను టైమక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, అది చదివేవాళ్లెవరూ లేరు.

"గంటా యాభై," అని అవతలి మనిషి కాగితం మీద రాసుకుంటున్నట్టు నెమ్మదిగా పలికాడు. "నేను కాటాలు బాగుచేస్తానండి. తూకం మిషన్లు. నాకు లెక్క కచ్చితంగా ఉంటే తప్ప మనసు ఒప్పదు, ఏమనుకోకండి. పేషెంటు మా ఆవిడ. ఊపిరితిత్తులు రెండూ పాడయ్యాయి. ఇక్కడ ఉన్న మిషను చాలదట, అక్కడి ఆసుపత్రిలో పెద్దది ఉందట. దారిలో చిన్న మిషను మీద పెట్టి తీసుకెళ్లాలి కదండి. దాని మీద నాలుగు గంటలు తట్టుకుంటుంది, ఆ పైన నేను మాటివ్వలేను అన్నాడు డాక్టరు."

"అవునండి."

"నాలుగింటిలో గంటా యాభై పోతే రెండు గంటల పది నిమిషాలు మిగిలాయి. ఇటు రోడ్డు, అటు రోడ్డు. సరిపోతుందంటారా?"

డెస్కు మీద అద్దం కింద ఒక కాగితం ఉంది. మేనేజరు ఎర్ర సిరాతో రాసి పెట్టించింది. గాల్లో టైము మాత్రమే చెప్పవలెను. ఉద్యోగంలో చేరిన రోజే ఆయన దాని భావం విడమరచి చెప్పాడు. "చూడమ్మా, మన చేతిలో ఉన్నది విమానం ఒక్కటే. రోడ్డు మనదా? ట్రాఫిక్కు మనదా? ఆసుపత్రి లిఫ్టు మనదా? మనది కానిదానికి మనం ఎందుకు మాట పడాలి?" వినడానికి న్యాయంగానే ఉండేది. తన తరవాత చేరినవాళ్లకు టైమక్క కూడా ఆ మాటే అంతే నమ్మకంగా చెప్పింది.

కానీ ఆమెకు తెలుసు. పేషెంటును ఆసుపత్రి మిషను మీంచి చిన్న మిషనుకు మార్చడానికే ముప్పావుగంట. ఆ ఊళ్లో ఆసుపత్రి నుంచి ఎయిర్‌పోర్టుకు కొండ రోడ్డు, ఎంత తొక్కినా గంటన్నర పైన. గేటు దగ్గర బండి తనిఖీ. స్ట్రెచరు విమానంలోకి ఎక్కించి, గొట్టాలన్నీ మళ్లీ సరిచూసుకోవడం. ఎగరడానికి అనుమతి కోసం ఎదురుచూపు. దిగాక ఇదంతా వెనక నుంచి ముందుకు. ఈ ఎయిర్‌పోర్టు గంటా యాభైకి వస్తుంది గాని, ఈ ఊళ్లో మంచం గంటా యాభైకి ఎక్కడ వస్తుంది?

"మా వైపు నుంచి గంటా యాభై నిమిషాలండి," అంది. "రోడ్డు సంగతి అంబులెన్సు వాళ్లను కనుక్కోండి."

"సరిపోతుందిలెండి," అన్నాడు కాటాల మేస్త్రి. ఆమెకు కాదు, తనకు తానే చెప్పుకున్నాడు. టైమక్క ఊ అనలేదు, ఊహూ అనలేదు. కాగితాలు ఎక్కడికి పంపాలో చెప్పి ఫోన్ పెట్టేసింది. కాగితాలు వచ్చాయి, కంపెనీ డాక్టరు తిరగేసి సరేనన్నాడు. మర్నాటి పొద్దుటికి ట్రిప్పు ఖాయమైంది. ఆ సాయంత్రం బల్ల సర్దుకుంటూ ఆమె రెండు సార్లు ఫోన్ వైపు చూసింది. మేస్త్రి నంబరు పైనే ఉంది. చెయ్యాలనుకుంది, చెయ్యలేదు. చేస్తే ఏమని చెప్పాలి? కాగితం మీద ఎర్ర సిరా చూసి, సంచీ భుజాన వేసుకుని బయటపడింది.

మర్నాడు ఆమె ఏడింటికే ఆఫీసులో ఉంది. ట్రిప్పు ఉన్న రోజు డెస్కు పని వేరు. పేషెంటు వెంట వెళ్లే నర్సు ఎక్కడికక్కడ ఫోన్ చేసి టైము చెబుతుంది, టైమక్క షీటులో కొడుతుంది. ఆ షీటుకు ఆలస్యాల షీటని పేరు. ఎక్కడ ఎన్ని నిమిషాలు ఎక్కువ పట్టినా ఆ నిమిషాలను ఎవరో ఒకరి పేరున రాయాలి. అందుకు నాలుగు గళ్లున్నాయి. వాతావరణం, విమానాశ్రయం, ఆసుపత్రి, కుటుంబం. కంపెనీకి గడి లేదు. కంపెనీ ఎప్పుడూ ఆలస్యం చెయ్యదు గనక ఆ గడి అవసరం పడలేదు.

"ఆరూ నలభైకి చిన్న మిషనుకి మార్చడం మొదలుపెట్టాం అక్కా," అంది నర్సు. "ఏడూ ఇరవై అయిదుకి బండి బయల్దేరింది."

"ఎలా ఉంది?"

"నాడి ఉంది. మనిషి కళ్లు తెరుస్తోంది అప్పుడప్పుడు."

ఎనిమిదీ అయిదుకి మళ్లీ ఫోన్. "బండి ఆగింది. దారిలోనే వీళ్లిల్లు. పాప ఒకసారి చూడాలని ఆయన ఆపమన్నాడు."

"ఎంతసేపు?"

"చెబుతా."

ఎనిమిదీ ఇరవై అయిదుకి చెప్పింది. టైమక్క వేళ్లు ఆలోచించకుండానే కదిలాయి. కుటుంబం గడిలో ఇరవై పడింది. నాలుగేళ్ల అలవాటు. అన్నం కలుపుకున్నంత మామూలుగా జరిగిపోయింది ఆ పని, చేశానని కూడా ఆమెకు అనిపించలేదు. కొండ రోడ్డు దిగి ఎయిర్‌పోర్టు చేరేసరికి తొమ్మిదీ ఇరవై. గేటు దగ్గర ఇరవై నిమిషాలు. అది ఏ గడిలోనూ రాయరు, అది మామూలే. పదీ అయిదుకి ఎక్కించడం అయింది. పదీ ఇరవైకి విమానం ఎగిరింది.

గోడ గడియారంలో పదీ నలభై అయినప్పుడు టైమక్క తలెత్తింది. ఎందుకెత్తిందో ఆమెకు వెంటనే తెలియలేదు. తరవాత తెలిసింది. ఆరూ నలభై నుంచి నాలుగు గంటలు. డాక్టరు ఇచ్చిన నాలుగు గంటలు అయిపోయాయి, విమానం ఇంకా మేఘాలు దాటి పైకి పోతూ ఉంటుంది. ఆమెకు భయం వేసింది. పక్క బల్ల మీద పైలెట్ల డ్యూటీలు రాసే కుర్రది ఏదో సినిమా సంగతి చెప్పి నవ్వుతోంది. టైమక్క నవ్వలేకపోయింది.

పన్నెండూ పదికి విమానం దిగింది. గంటా యాభై నిమిషాలు, ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు. మేనేజరు ఆ దారిన పోతూ తెర మీదకి వంగి చూసి, "శభాష్," అని పైలెట్‌ను మెచ్చుకున్నాడు.

పన్నెండూ యాభై రెండుకి నర్సు చివరిసారి ఫోన్ చేసింది. సిగ్నలు దగ్గర ఆగి ఉన్నారట. ఆసుపత్రి బోర్డు కనిపిస్తూనే ఉందట. ఇంక చెప్పడానికి ఏమీ లేదంది.

ఆ సాయంత్రం ఇంట్లో టైమక్క కూరగాయలు తరుగుతూ కూర్చుంది. భర్త స్కూలు బస్సు నడుపుతాడు. చొక్కా విప్పి దండెం మీద వేసి, కాళ్లు కడుక్కుని వచ్చి ఎదురుగా పీట వేసుకున్నాడు.

"ఏమైంది, ముఖం అలా పెట్టావు?"

"మీ రూటు మొత్తం ఎన్ని కిలోమీటర్లు?"

"పద్నాలుగు."

"బస్సు తిన్నగా వస్తే ఎంతసేపు?"

"తిన్నగా ఎందుకొస్తుంది? పదిహేడు స్టాపులున్నాయి. ఒకడికి బూటు దొరకదు, ఒకత్తె నీళ్ల సీసా మరిచిపోయి మళ్లీ లోపలికి పరిగెడుతుంది. గంటా పది."

"కాదు, ఏ స్టాపూ లేకపోతే?"

"పావుగంట, ఇరవై నిమిషాలు. అయితే ఏంటి?"

"పిల్లల తల్లిదండ్రులకి ఏం చెబుతారు?"

"గంటా పది అనే చెబుతాం. ఇరవై నిమిషాలని చెప్పి చూడు, మర్నాడు నా కాలరు పట్టుకుంటారు." అని నవ్వి, ఆమె నవ్వకపోవడం చూసి ఆగాడు. కత్తిపీట పక్కకు లాగి, ఆమె చేతిలో సగం తరిగిన వంకాయ తనే తీసుకున్నాడు. "ఎవరైనా పోయారా?"

"పోయారు," అంది. అంతకు మించి చెప్పబుద్ధి పుట్టలేదు. చెబితే ఈ మనిషి ఒకటే అడుగుతాడు, నీకు ముందే తెలుసా అని. ఆ ప్రశ్న భర్త నోట వినే ధైర్యం ఆమెకు లేకపోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి, శవాన్ని ఆ ఊరికి చేర్చి, నర్సు తిరిగొచ్చింది. యూనిఫారం నలిగి, కళ్ల కింద నల్లగా ఉంది. టైమక్క బల్ల పక్కన కుర్చీలో కూలబడి, చెప్పులు విడిచి, పాదాలు రెండూ చల్లటి నేల మీద పెట్టింది. ఆమె ఇచ్చిన టీ రెండు గుక్కల్లో తాగేసింది.

"ఆ పాప బండెక్కిందక్కా. ఎనిమిదేళ్లుంటాయేమో. తల దువ్వుకోలేదు. వాళ్లమ్మ వేలు పట్టుకుని కూర్చుంది. గొట్టాలు చూసి జడుసుకుంటుందనుకున్నాను, లేదు. స్కూలు కబుర్లేవో మొదలుపెట్టింది. నేను మిషను వైపే చూస్తూ కూర్చున్నా. ఆ మనిషి మాత్రం చేతి గడియారం వైపు."

"దారిలో నాలుగు గంటలు దాటాయని నీకు తెలుసా?"

నర్సు ఖాళీ గ్లాసు బల్ల మీద పెట్టింది. "గాల్లో ఉన్నప్పుడు తెలిస్తే ఏం లాభం అక్కా? కిందికి దూకుతానా? ఎక్కేటప్పుడు నాకెవరూ నాలుగు గంటలని చెప్పలేదు. నాకిచ్చిన కాగితంలో గంటా యాభై అనే ఉంది."

ఆ కాగితం కొట్టింది టైమక్కే. నర్సు వెళ్లాక ఆమె బీరువా తెరిచింది. ఆ కొండ ఊరి ఎయిర్‌పోర్టు నుంచి కంపెనీ ఇప్పటిదాకా చేసిన ట్రిప్పులు పదకొండు. ఆ పదకొండు షీట్లూ తీసి బల్ల మీద పరిచింది. ఏ షీటులోనూ మొత్తం వెయ్యడానికి చోటు లేదు, ఎవరూ ఎప్పుడూ వెయ్యలేదు. ఆమె పెన్సిలుతో ఒక్కో దాని అంచున మొత్తం వేసుకుంటూ పోయింది. ఆరూ నలభై. ఏడూ పది. ఆరూ యాభై. ఎనిమిది గంటలది కూడా ఒకటుంది, ఆ రోజు వాన. అన్నిట్లోకీ తక్కువ ఆరు గంటల అయిదు నిమిషాలు. అది తెల్లవారకముందు, ఖాళీ రోడ్డు మీద. మేస్త్రికి డాక్టరిచ్చిన నాలుగు గంటల్లో ఆ ఊరి మంచం నుంచి ఈ ఊరి మంచానికి ఎవరూ ఎన్నడూ రాలేదు, రాబోరు కూడా.

ఆ మధ్యలోనే ఫోన్ మోగింది. ఎవరో ఆవిడ, తండ్రికి గుండె బాగాలేదట, ఇంకో ఊరి నుంచి. ఎంతసేపు అంది.

"మంచం నుంచి మంచానికి ఆరు గంటలకి తక్కువ కాదండి," అంది టైమక్క. అనేశాక తనే ఉలిక్కిపడింది.

"ఆరు గంటలా?" అంది ఆవిడ. "ఇందాక ఇంకో కంపెనీవాళ్లు గంటా నలభై అన్నారే! మీ విమానాలు మరీ అంత పాతవా?" అని విసుక్కుని పెట్టేసింది. టైమక్క చేతిలో ఫోన్ అలాగే ఉండిపోయింది. నిజం చెప్పినందుకు ఆ తండ్రికి ఒరిగిందేమీ లేదు. ఇంకొక బల్ల దగ్గర ఇంకొకత్తె అతన్ని గాల్లోకి ఎక్కిస్తుంది, అంతే.

ఆ మర్నాడు మేనేజరు ఆమెను లోపలికి పిలిచాడు. మనిషి మెత్తనివాడు. గొంతు పెంచి ఎరగడు. ఎవరి పుట్టినరోజైనా మరిచిపోడు.

"చేర్చుకోవాల్సిన ఆసుపత్రి నుంచి ఉత్తరం వచ్చిందమ్మా. ఎందుకింత ఆలస్యమైందని అడుగుతున్నారు. మన షీటులో నువ్వు రాసిందే ఉంది కదా, కుటుంబం ఇరవై నిమిషాలు. బాగా గుర్తుపెట్టుకుని రాశావు. దాన్నే కాస్త కాగితం మీద పెట్టి ఆ భర్త చేత ఒక సంతకం తీసుకుంటే సరిపోతుంది. రేపు పొద్దున రిపోర్టుల కోసం వస్తున్నాడు."

"సార్, ఇరవై నిమిషాల వల్ల పోలేదు కదండి."

"వల్ల అని మనం రాయట్లేదు. ఇరవై నిమిషాలు ఆగింది, ఆయన ఆపమంటే ఆగింది. అబద్ధం ఒక్క ముక్క లేదు." అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నిన్న ఫోన్లో ఎవరికో ఆరు గంటలని చెప్పావట. తల బాగాలేనట్టుంది నీకు. రెండ్రోజులు సెలవు పెట్టు, ఈ సంతకం అయ్యాక. పాపం బాధలో ఉన్నాడు, మెల్లగా మాట్లాడి తీసుకో. నీ మాట అయితే వింటాడు."

నిజమే. కాగితంలో అబద్ధం ఒక్క ముక్క లేదు. టైమక్క దాన్ని మూడుసార్లు కొట్టి మూడుసార్లు చెరిపింది. నాలుగోసారి కొట్టింది. రోగి భర్త కోరిక మేరకు వాహనం వారి నివాసం వద్ద ఎనిమిది గంటల అయిదు నిమిషాల నుంచి ఎనిమిది గంటల ఇరవై అయిదు నిమిషాల వరకు నిలపబడినది. ఇంటికి పోయే దారంతా ఆ వాక్యం చెవిలో జోరీగలా తిరిగింది. నిలపబడినది.

కాటాల మేస్త్రి మర్నాడు పదింటికి వచ్చాడు. గొంతు విని అతను లావుపాటి మనిషని ఎందుకో అనుకుంది. బక్కపల్చగా, ఇస్త్రీ చొక్కాలో, బడిపంతులులా ఉన్నాడు. వేళ్ల చివర్లు మాత్రం నూనె మరకలతో నల్లగా ఉన్నాయి. కుర్చీ చూపిస్తే అంచు మీద కూర్చున్నాడు.

"మీరేనా అండి ఫోన్లో మాట్లాడింది? గొంతు గుర్తుపట్టాను."

"నేనేనండి."

"మీరు చెప్పినట్టే దిగింది. గంటా యాభైకి. నేను చూసుకున్నాను." నిష్ఠూరంగా అనలేదు. మెచ్చుకోలుగానే అన్నాడు. టైమక్క బల్ల సొరుగు లాగింది. రిపోర్టులున్న కవరు ముందు పెట్టింది, పెన్ను పెట్టింది, ఆ కాగితమూ పెట్టింది.

అతను ఒక్కో అక్షరం చదివాడు. చదివాక మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఉన్నదే రాశారు," అన్నాడు. "సంతకం పెడతాను. ఒక్క మాటండి. దీని నకలు ఇంటికి పంపకండి. మా పాప మూడో తరగతి. కంటబడ్డ కాగితమల్లా చదివేస్తుంది."

"పంపమండి."

"ఇప్పటికే…" అని ఆగి, పెన్ను మూత తీశాడు, మళ్లీ పెట్టాడు. "మా అత్తగారు దుఃఖంలో నోరు జారింది. దారిలో బండి ఆపకపోతే తన బిడ్డ దక్కేదని పదిమందిలో అనేసింది. పాప అక్కడే ఉంది. నన్నే అంది ఆవిడ, కానీ అది పాపకి తగిలింది. మూడు రోజులుగా అన్నం ముట్టదు. నేనెక్కకపోతే అమ్మ బతికేదా నాన్నా అంటుంది. కాదమ్మా అంటాను. నమ్మదు. ఎలా నమ్ముతుందండి? నాకే నమ్మకం లేదు."

పెన్ను మళ్లీ తీసి, సంతకం చోటు కోసం కాగితం కింద వెతికాడు. అప్పుడు టైమక్క చెయ్యి చాచి కాగితం లాగేసుకుంది. లాగిన విసురుకి పెన్ను దొర్లి కింద పడింది.

"వద్దండి. ఇది చూడండి."

ఆ రోజు షీటు ముందు పెట్టింది. పెన్సిలుతో మొత్తాలు వేసిన పదకొండూ దాని పక్కన పెట్టింది. వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది.  మిషను మార్చడం మొదలైన క్షణం నుంచి టైము లెక్క. ఆ సిగ్నలు దాకానే ఆరు గంటల పన్నెండు నిమిషాలు. ఇంతకుముందు వచ్చినవాళ్లలో అందరికంటే తొందరగా వచ్చినవాళ్లకి ఆరు గంటల అయిదు.

అతనికి కాగితం అవసరం లేకపోయింది. తూకాలు సరిచేసే మనిషి, లెక్క నోటితోనే చేశాడు.

"అంటే నాలుగు గంటలు నిండేసరికి…"

"గాల్లో ఉందండి. ఎగిరి ఇరవై నిమిషాలు."

"ఆపకపోయుంటే?"

"ఎగిరి నలభై నిమిషాలు. అప్పుడూ గాల్లోనే."

"నాలుగు గంటల్లో చేరే దారే లేదా?"

"లేదండి."

గది తలుపు దగ్గర మేనేజరు వచ్చి నిలబడ్డాడు. "ఏమైందమ్మా?" అన్నాడు మెత్తగా. ఆమె తల తిప్పలేదు. మేస్త్రి కూడా తిప్పలేదు.

"నేను ఫోన్ చేసిన రోజే మీకీ సంగతి తెలుసా?"

ఆమె ఎదురుచూసిన ప్రశ్న అదే. కళ్లు దించుకోవాలనిపించింది. దించుకోలేదు.

"తెలుసండి."

అతను తిట్టలేదు. తిడితే బాగుండుననుకుంది. షీట్లను సమంగా చేర్చి, అంచులు బల్లకు తట్టి, ఆమె వైపు జరిపాడు. నల్లటి వేళ్లు కాగితాల మీద అలాగే ఉండిపోయాయి.

"దొంగ కాటా అయితే ముల్లు చూడగానే పట్టేస్తానండి నేను," అన్నాడు. "మీ ముల్లు సరిగ్గానే ఉంది. అందుకే తెలియలేదు."

జేబులోంచి ఫోన్ తీశాడు. ఎవరికో చేసి, పాపకివ్వండి అన్నాడు. ఒక చేత్తో మైకు మూసి, ఫోన్ను టైమక్క ముందుకు చాపాడు.

"మీరే చెప్పండి. నేను చెబితే నమ్మదు."

మేనేజరు ఒక అడుగు లోపలికి వేశాడు. "అమ్మా, ఇలాంటివి ఫోన్లో…" అన్నాడు. టైమక్క అప్పటికే ఫోన్ అందుకుంది. అది అతని చేతి వేడికి వెచ్చగా ఉంది.

"అమ్మా, నేను విమానం ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాను. విమానం టైము చెప్పేదాన్ని."

అవతల ఊపిరి వినపడుతోంది.

"నువ్వు బండెక్కినందుకు మీ అమ్మ చనిపోలేదమ్మా. నువ్వు ఎక్కినా, ఎక్కకపోయినా ఒకటే. దారి చాలా పెద్దది. నేను మీ నాన్నకి తక్కువ చెప్పాను. తప్పు నాది. నీదీ కాదు, నాన్నదీ కాదు."

"నిజంగానా?"

"నిజం. కాగితాలన్నీ చూసి చెబుతున్నాను."

 పాప ఆలోచిస్తోంది. తండ్రి కూతురే కదా, లెక్క వేసుకుంటోంది.

"మరి నాన్న ఎందుకు దించేశాడు? నేను అమ్మకి ఇంకా చెప్తుంటే టైము లేదని చెయ్యి పట్టుకుని లాగేశాడు."

టైమక్క ఎదుటి మనిషి వైపు చూసింది. అతనికి అవతలి మాటలు వినపడుతున్నాయి. ఫోన్ పాతది, గొంతు బయటికి వస్తోంది.

"నేను చెప్పిన టైము నమ్మి దించాడమ్మా."

"అయితే ఆ రోజు నేను ఇంకాసేపు కూర్చోవచ్చా?"

 అబద్ధం చెప్పడానికి ఇప్పుడు అద్దం కింద ఏ కాగితమూ పనికిరాదు.

"కూర్చోవచ్చమ్మా," అంది.

"ఎంతసేపు?"

"నీ మాటలు అయిపోయేదాకా కూర్చోవచ్చు."

అవతల పాప ఏడవడం మొదలుపెట్టింది. మూడు రోజులుగా లోపల పెట్టుకున్నదంతా ఒక్కసారి బయటపడినట్టు పెద్దగా ఏడుస్తోంది. కాటాల మేస్త్రి ఫోన్ కోసం చెయ్యి చాపాడు.